అండాలకు లెక్క ఉంది, ఇచ్చిన ఆడవాళ్ళకు లేదు: విశాఖ వైద్యులకు, పరిశోధకులకు, అధికారులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని స్త్రీ వైద్య నిపుణులకు, ఆసుపత్రుల ఎథిక్స్ కమిటీల సభ్యులకు, మూలకణాల మీద పనిచేసే శాస్త్రవేత్తలకు, పిల్లల కోసం చేసే వైద్యాన్ని, అండాల దానాన్ని నియంత్రించే ఏఆర్‌టీ చట్టాన్ని అమలు చేయాల్సిన అధికారులకు,

నమస్కారం. నేను కంచరపాలెంలో ఉంటాను. ప్రసూతి వార్డుల్లో, గైనిక్ వార్డుల్లో 31 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మీలో కొందరి పక్కన థియేటర్లో నిలబడి పనిచేశాను. మీ చేతుల మీదుగా ఎంతమంది తల్లులు బతికి ఇంటికి వెళ్ళారో నాకు తెలుసు. ఆ గౌరవంతోనే ముందుగా మీకు రాస్తున్నాను.

అండాలిచ్చి ఆసుపత్రి పాలైన మా వీధి అమ్మాయి గురించి ఎనిమిది నెలల్లో రెండు అర్జీలు పెట్టాను. రెండింటికీ రసీదులున్నాయి, జవాబు లేదు. మొదటి అర్జీ ఏ సీటు దగ్గర ఆగిందో తెలుసుకోవడానికే నాలుగుసార్లు తిరిగాను. ఐదోసారి వెళ్తే, "అమ్మా, ఆవిడ ఇష్టపడే సంతకం పెట్టింది కదా" అన్నారు. ఆ మాట విన్నాక ఇంక ఊరుకోలేకపోయాను.

ఆ అమ్మాయిది మా వీధి చివరిల్లు. ఆమె సంగతి ఇది. పేరు రాయను. వయసు 27, ఇద్దరు పిల్లలు, భర్త ఆటో నడుపుతాడు. ఆటో ఫైనాన్సు మూడు నెలలుగా ఆగిపోయింది, డ్వాక్రా వాయిదా కూడా మీద పడింది. ఆ టెన్షన్‌లో ఉండగా తెలిసినావిడ ఒకామె వచ్చి చెప్పిందట: "నెలనెలా పోయేవే కదా, ఏటవుద్ది? పది రోజులు ఇంజెక్షన్లు, ఒక్క పూట మత్తు. పాతిక వేలు చేతికొస్తాయి." అలా చెప్పినావిడ కూడా అంతకుముందు ఇచ్చినావిడే. ఆమెను తిట్టడానికి నాకు మనసు రాదు. ఆమెకూ ఇంకెవరో అలాగే చెప్పి ఉంటారు.

పదకొండు రోజులు ఇంజెక్షన్లు చేశారు, పన్నెండో రోజు అండాలు పూర్తిగా పండటానికి ట్రిగ్గర్ అనే చివరి ఇంజెక్షన్ ఇచ్చారు, ఆ తర్వాత అండాలు తీశారు. నాలుగో రోజు రాత్రి పదకొండింటికి వాళ్ళమ్మ వచ్చి మా తలుపు కొట్టింది. వెళ్ళి చూస్తే కడుపు ఏడో నెల కడుపంత ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదు. ఉదయం నుంచి మూత్రం ఒక్కసారే వచ్చింది, అదీ కాస్త. అండాలు తీసిన క్లినిక్ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే గ్యాస్ మాత్ర వెయ్యమన్నారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. భర్త ఆటోలోనే వేరే ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. కడుపులోంచి రెండుసార్లు నీరు తీశారు. తొమ్మిది రోజులు మంచం మీదే ఉంది. బిల్లు 68 వేలైంది. ఆమెకు ముట్టింది 25 వేలు.

డిశ్చార్జి అయ్యాక, ఆమె సంతకం పెట్టిన కాగితాల జిరాక్సు గొడవపడి తెచ్చుకున్నాం. పదకొండు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. ఆమె తెలుగు మీడియంలో తొమ్మిది దాకా చదివింది. ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది. దంపతులకు వాడగా మిగిలిన అండాలను పరిశోధనకు ఉపయోగించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు అని దాని అర్థం. ఏ పరిశోధన, ఎక్కడ, ఎవరు చేస్తారు అన్నది ఒక్క ముక్క లేదు. నేను చదివి చెప్పాక ఆ అమ్మాయి అడిగింది: "పరిశోధనంటే ఏటి పిన్నీ? నావి పట్టుకెళ్ళి ఏటి చేస్తారు?"

ఆమె అండాలు క్లోనింగ్ ప్రయోగానికి వెళ్ళాయని నేను అనడం లేదు. వెళ్ళలేదని చెప్పే కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. అండాలు ఎక్కువగా ఖర్చయ్యే పరిశోధన క్లోనింగే కాబట్టి, దాని గురించి దొరికినంత చదివాను.

పద్ధతి మీకు తెలిసిందే, చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. ఒక స్త్రీ అండంలోంచి కేంద్రకాన్ని తీసేస్తారు. వేరొకరి శరీర కణంలోని కేంద్రకాన్ని అందులో పెడతారు. అది పిండంలా ఐదారు రోజులు పెరిగితే దానిలోంచి మూలకణాలు, అంటే ఒంట్లో ఏ రకం కణంగానైనా మారగలిగే కణాలు, తీస్తారు. మధుమేహానికి, పార్కిన్సన్స్‌కు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు వాళ్ళ సొంత జన్యువులతోనే కణాలు తయారుచేయవచ్చన్నది ఆశ. ఆశ మంచిదే. కానీ ఇది చాలాసార్లు విఫలమయ్యే పని. 1996లో స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో డాలీ గొర్రెపిల్ల పుట్టడానికి ముందు 277 అండాలతో ప్రయత్నం జరిగింది. అక్కడ అండాలు ఇచ్చినవి గొర్రెలు. మనుషుల దగ్గరకు వచ్చేసరికి ప్రతి అండం వెనుకా ఒక ఆడమనిషి ఒంట్లోకి వెళ్ళిన సూది ఉంటుంది.

దక్షిణ కొరియాలో జరిగింది మీరందరూ ఒకసారి గుర్తు చేసుకోవాలి. సియోల్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన హ్వాంగ్ వూ సుక్ మానవ పిండాన్ని క్లోన్ చేసి మూలకణాలు తీశానని 2004లోను, 2005లోను ప్రపంచానికి ప్రకటించాడు. మొదటి పేపర్లో వాడిన అండాలు 242 అని, రెండోదాంట్లో 185 అని రాశాడు. విచారణ జరిపితే అసలు తీసుకున్న అండాలు 2,000 పైచిలుకు అని తేలింది. ఇచ్చిన ఆడవాళ్ళు వందమందికి పైనే. కొందరికి డబ్బిచ్చారు. తన ల్యాబులోనే పనిచేసే ఇద్దరు జూనియర్ పరిశోధకురాళ్ళు అండాలిచ్చారని మొదట కాదని, 2005 నవంబరులో ఒప్పుకున్నాడు. ఇచ్చినవాళ్ళలో కొంతమందికి అండాశయాలు ఉబ్బి ఆరోగ్యం దెబ్బతింది. ఇంత చేసి వచ్చిన క్లోన్ మూలకణాలెన్ని? ఒక్కటీ లేదు. లెక్కలు, ఫొటోలు అబద్ధం. 2006 జనవరిలో ఆ పేపర్లు రద్దయ్యాయి. 2009లో కోర్టు శిక్ష వేసింది, అందులో అండాలు కొన్న నేరం కూడా ఉంది.

సైన్సు మోసం గురించి ప్రపంచమంతా రాసింది. ఆ ఆడవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో రాసినవాళ్ళు నాకు కనబడలేదు. నర్సుగా నాకు మొదట వచ్చిన ప్రశ్న అదే.

తర్వాత 2013లో అమెరికాలోని ఒరెగాన్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిలో మానవ మూలకణాలు నిజంగానే తీశారు. ఆ మాట దాచను. కానీ అంతకు ఏడేళ్ళ ముందే, 2006లో, జపాన్‌లో షిన్యా యమనక మామూలు చర్మ కణాన్నే వెనక్కి తిప్పి మూలకణంలా మార్చే దారి ఎలుకల్లో చూపించారు. 2007కల్లా మనుషుల కణాలతోనూ అది సాధ్యమైంది. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ దారికి ఏ స్త్రీ అండమూ అక్కర్లేదు. అలాంటి దారి ఉండగా ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషికి హార్మోన్లు ఎక్కించాలంటే, ఆ అవసరమేమిటో అడిగేవాళ్ళే నిరూపించాలి.

ఈ పనిలో సామాన్యుల ఇళ్ళలో జరుగుతున్నవి ఇవీ.

1. "నెలనెలా పోయేవే" అన్న మాట సగమే నిజం. ప్రతి నెలా కొన్ని అండాలు ఎదగడం మొదలుపెడతాయి, ఒకటి పండుతుంది, మిగతావి వాడిపోతాయి. అంతవరకూ సరే. ఆ వాడిపోయేవాటన్నిటినీ ఒకేసారి పండించడానికి ఇచ్చే ఇంజెక్షన్లే ప్రమాదం. అండాశయాలు ఉబ్బుతాయి. రక్తనాళాల్లోంచి నీరు కడుపులోకి, ఒక్కోసారి ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నీరు బయటికి పోవడంతో రక్తం చిక్కబడుతుంది, గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతినవచ్చు. దీన్నే మీరు ఓహెచ్ఎస్ఎస్ అంటారు. తీవ్రంగా వచ్చేది నూటికి ఒకరికేనని చెబుతారు. వార్డులో పనిచేసినదాన్ని, నూటికి ఒకరంటే ఏమిటో నాకు తెలుసు. ఆ ఒక్కరికీ ఓ మంచం నంబరు ఉంటుంది, మంచం పక్కన పిల్లలుంటారు. ఇవి కాక ఉబ్బిన అండాశయం మెలిపడటం, సూది వల్ల లోపల రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మత్తు తేడా చేయడం.

ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) చేయించుకునే స్త్రీకీ ఈ ముప్పులున్నాయి. ఆమెకు చివర్లో బిడ్డ మీద ఆశ ఉంటుంది. వేరే దంపతులకు ఇస్తే వాళ్ళ ఇంట్లోనైనా ఒక బిడ్డ పుట్టవచ్చు. పరిశోధనకు ఇచ్చే స్త్రీ శరీరానికి ఏ లాభమూ లేదు. ఏ జబ్బూ లేని మనిషికి మందులిచ్చి జబ్బు తెచ్చే అవకాశం ఉన్నప్పుడు జాగ్రత్త ఎన్నో రెట్లు ఉండాలి. మనదగ్గర తక్కువ ఉంటోంది.

2. ఇరవై ఏళ్ళ తర్వాత ఏమవుతుందో చెప్పే సమాచారం చాలా తక్కువ. ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్ళ మీద జరిగిన అధ్యయనాల్లో క్యాన్సర్ విషయంగా మరీ భయపెట్టేవి తేలలేదంటారు, సంతోషం. కానీ వాళ్ళు పిల్లలు లేక వైద్యానికి వచ్చినవాళ్ళు. అండాలిచ్చేవాళ్ళు వయసులో ఉన్న, ఆరోగ్యవంతులైన వేరే ఆడవాళ్ళు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2007లో ప్రచురించిన నివేదిక కూడా దీర్ఘకాలపు సమాచారం కొరత ఉందనే చెప్పింది. మా వీధి అమ్మాయిని అండాలు తీసిన మర్నాటి నుంచి ఈరోజు వరకు ఆ క్లినిక్ వాళ్ళు ఒక్కసారి ఎలా ఉన్నావని అడగలేదు. అండాన్ని గడ్డకట్టించి, లేబుల్ అంటించి, నంబరు వేసి రిజిస్టర్లో రాస్తారు. మనిషిని గేటు దాటించి మరిచిపోతారు. అడగకపోతే సమాచారం ఎక్కడినుంచి వస్తుంది?

3. చావులు జరిగాయి. 2010లో ముంబైలో 17 ఏళ్ళ అమ్మాయి మూడోసారి అండాలిచ్చిన రెండు రోజులకే చనిపోయింది. 2014లో ఢిల్లీలో మరో యువతి అండాలు తీసిన రోజే పోయింది. 2022లో తమిళనాడు ఈరోడ్‌లో 16 ఏళ్ళ పిల్ల చేత దొంగ ఆధార్‌తో పలుమార్లు అండాలిప్పించారని కేసు నమోదైంది. ఆ వయసు పిల్ల మన ఇంట్లో ఇంటర్ చదువుతూ ఉంటుంది.

4. డబ్బు అవసరం ఉన్నచోట సంతకానికి విలువెంతో మన తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009లో భద్రాచలం ఏజెన్సీతో సహా ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లల మీద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా పరిశోధన చేసినప్పుడు చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2011లో పిడుగురాళ్ళ కూలి ఆడవాళ్ళను డబ్బు ఆశపెట్టి హైదరాబాద్ తీసుకెళ్ళి మందుల ప్రయోగాల్లో పెట్టారు. 2023లో మన పెందుర్తిలో బయటపడ్డ కిడ్నీ అమ్మకం కేసులో ఇస్తామన్న లక్షలు వేరు, చేతిలో పెట్టింది వేరు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో సరోగసీ పేరుతో వేరేవాళ్ళ బిడ్డను అప్పగించారన్న కేసులో కూడా విశాఖ పేరు వచ్చింది. ఇలాంటివి ముందు పేదవాళ్ళ ఇంటికే వస్తాయని వీటిలో చూశాం. "ఇష్టపడే పెట్టింది కదా" అనే ముందు దయచేసి ఇవన్నీ గుర్తు తెచ్చుకోండి.

5. మంచం పట్టింది ఆమె ఒక్కతే, పని ఆగింది ఇంటిల్లిపాదికీ. తొమ్మిది రోజులు ఆటో కదల్లేదు. చిన్నపిల్ల బడి మానేసింది. మూడు నెలల బాకీ తీర్చడానికి వెళ్ళి వడ్డీకి కొత్త అప్పు తెచ్చుకున్నారు. అండాలిచ్చిన సంగతి అత్తింటివాళ్ళకు తెలిసి వచ్చిన గొడవ నేను ఇక్కడ రాయలేను.

చట్టం లేదని నేను అనను. ఏఆర్‌టీ చట్టం 2021లో వచ్చింది, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. అండాలిచ్చే స్త్రీ వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడు అండాలకు మించి తీయకూడదు. పన్నెండు నెలల బీమా ఆమె పేరున ఉండాలి. అండాలు అమ్మడం, కొనడం నేరం: మొదటిసారి ఐదు నుంచి పది లక్షల జరిమానా, మళ్ళీ చేస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ళ జైలు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు క్లోనింగ్‌తో బిడ్డను పుట్టించే ప్రయత్నాన్ని పూర్తిగా నిషేధించాయి. మూలకణాల కోసం క్లోన్ పిండాలు తయారుచేయడాన్ని కఠిన అనుమతులు కావాల్సిన పరిశోధనల్లో చేర్చాయి.

మా వీధి అమ్మాయి బీమా కాగితం అడిగితే చూపించలేదు. మత్తు దిగుతుండగా పక్కన ఎవరో "ఇరవై రెండు" అనడం ఆమె వింది. ఎన్ని తీశారో రాసిన కాగితం ఆమెకు ఇవ్వలేదు. ఏడుకే ఆపడం ఆచరణలో కష్టమని కొందరు డాక్టర్లు అంటారు, ఇంజెక్షన్లిస్తే ఎన్ని పండుతాయో ముందే చెప్పలేమంటారు. కష్టం ఉండొచ్చు. డోసు తక్కువ నుంచి మొదలుపెట్టి, స్కాన్‌లో ఎక్కువ కనబడితే ఆ విడత (సైకిల్) ఆపేయడం కూడా మీ చేతిలో ఉన్నదే కదా. ఎక్కువ వస్తే మంచిదే, మిగిలినవి దేనికైనా పనికొస్తాయి అనుకునే చోట ఆ డోసు తగ్గదు. పరిశోధన పేరుతో రాసిన ఆ ఒక్క వాక్యాన్ని చూసి నేను భయపడేది ఇందుకే.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నవి:

1. ఈ జిల్లాలో అండాలిచ్చిన ప్రతి స్త్రీ ఆరోగ్యానికి ఒక రిజిస్టరు పెట్టండి. అండాలు తీసిన రెండో రోజు, ఐదో రోజు, పదో రోజు నర్సు ఫోన్ చేసి బరువు, కడుపు చుట్టుకొలత, మూత్రం, ఆయాసం అడిగి రాయాలి. ఆ తర్వాత ఏడాదికోసారి, కనీసం పదేళ్ళు. దీనికి పెద్ద ఖర్చు లేదు. కావాలంటే నాలాంటి రిటైర్డ్ నర్సులం జీతం లేకుండా మొదలుపెడతాం. ఆమె పేరు గోప్యంగా ఉండాలి.

2. దంపతులకు ఇవ్వడానికి ఒక ఫారం, పరిశోధనకు ఇవ్వడానికి వేరే ఫారం ఉండాలి. రెండూ తెలుగులో ఉండాలి. క్లినిక్ జీతం తీసుకోని మనిషి చదివి వినిపించాలి. పరిశోధన ఏమిటో, ఏ సంస్థదో, క్లోనింగ్ ఉందో లేదో పేరుపెట్టి రాయాలి. సంతకానికి ముందు కనీసం ఏడు రోజులు గడువివ్వాలి. అండాలు వాడేలోపు ఎప్పుడైనా వద్దనే హక్కు ఆమెకు ఉండాలి.

3. పరిశోధన కోసమే ఏ స్త్రీకీ హార్మోన్ ఇంజెక్షన్లు ఇవ్వకూడదు. ఇందులో నేను బేరానికి రాను. ఐవీఎఫ్‌లో నిజంగా మిగిలినవాటిని, ఎవరివో వాళ్ళే పూర్తిగా తెలిసి ఇస్తే, అది వేరే సంగతి.

4. ఇంజెక్షన్ డోసు నిర్ణయించే డాక్టరుకు ఆ అండాలతో చేసే పరిశోధనలో వాటా గానీ, పేరు గానీ ఉండకూడదు. ల్యాబులో పనిచేసే అమ్మాయిల దగ్గర, నర్సింగ్ విద్యార్థినుల దగ్గర అండాలు అడగనే కూడదు. కొరియాలో ఏం జరిగిందో పైన రాశాను.

5. డోనర్లకు ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీ అనే హార్మోన్ బదులు అగోనిస్టు అనే వేరే రకం ఇంజెక్షన్ వాడితే ఓహెచ్ఎస్ఎస్ ముప్పు బాగా తగ్గుతుందని మీకు తెలుసు. అది మీలో చాలామంది చేస్తున్నారు. చేయనివాళ్ళు ఎందుకు చేయడం లేదో కేస్ షీటులో రాయాలి.

6. ఎన్ని అండాలు తీశారు, ఎవరికి వెళ్ళాయి, బీమా పాలసీ నంబరు, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు: ఈ నాలుగూ రాసిన కార్డు ఆమె ఇంటికి వెళ్ళేలోపు చేతిలో పెట్టాలి. దంపతుల పేర్లు అక్కర్లేదు, దంపతులకా పరిశోధనకా అన్నది చాలు.

7. కాంప్లికేషన్ వస్తే ఖర్చు మొత్తం అండాలు తీసిన చోటువాళ్ళే భరించాలి. వేరే ఆసుపత్రిలో చేరినా సరే. పోయిన కూలి కూడా ఇవ్వాలి.

8. గత మూడేళ్ళలో జిల్లాలోని క్లినిక్‌ల నుంచి, అండాల బ్యాంకుల నుంచి పరిశోధనకు వెళ్ళిన అండాలెన్నో అధికారులు ప్రకటించాలి. ఒక్కటీ వెళ్ళకపోతే అదే ప్రకటించండి, సంతోషిస్తాం.

ఈ ఉత్తరం చేరిన 30 రోజుల్లో జవాబు ఇవ్వమని కోరుతున్నాను. ఎవరైనా పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతానంటే కాగితాలన్నీ తీసుకుని వస్తాను. ఆ అమ్మాయి కూడా వస్తానంది. పైన రాసిన ఎనిమిదీ నేను అడిగేవి. ఆమె అడిగేవి రెండే: తన దగ్గర తీసినవి ఎన్ని, అవి ఎక్కడున్నాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కంచరపాలెం, విశాఖపట్నం